ఓరుగల్లు కోటలో నీడ మడిచిన రోజు

నమోదు 1. సోమవారం, ఉదయం ఏడు గంటలు

కాజీపేట స్టేషన్లో దిగగానే కుడి చేతికి పట్టీ కట్టారు. అది విప్పితే నగరంలో నీడ దొరకదు, స్నానానికి కూడా విప్పవద్దు అని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఈ పుస్తకం కూడా ఆమే ఇచ్చింది. అఖిల నగరాల నీడ సదస్సుకు వచ్చిన ఆరువందల మంది ప్రతినిధులూ రోజూ ఎక్కడెక్కడ తిరిగారో, నీడ ఎక్కడ ఆలస్యమైందో ఇందులో రాయాలట. సదస్సు ముగిశాక నగరం వాళ్లు తీసుకుని చదువుకుంటారు. చదువుకోనీ. అప్పటికి నేను దాచవలసింది ఏమీ మిగలదు.

నా పేరు ముద్దాడ అరుంధతి. వయసు యాభై నాలుగు. సముద్రం ఒడ్డున తెల్లరేవు అనే పట్టణంలో, వీధుల మీద నీడ పట్టే తెరల మేస్త్రీని. తెరలు విప్పడం, మడవడం, చిరిగితే కుట్టడం, మోటారు కాలితే మార్చడం నా పని. మేస్త్రీల సంఘం తరఫున నన్ను ఇక్కడికి పంపారు. పంపమని నేనే పట్టుబట్టాను.

స్టేషన్ బయట నా కోసం బ్యాటరీ బండి ఉంది. నడిపే ఆమె పేరు కొమురమ్మ. నలభై దాటి ఉంటుంది. ఆమెకు ఈ వారం ఇద్దరు ప్రతినిధులను అప్పగించారు.

"హన్మకొండల మీ బస. నేను రాకముందు బయటికి ఎల్లకుండ్రి అక్కా," అంది. "పది దాటితే తెర లేకుంట అడుగు బయట పెట్టద్దు. నిన్న యాభై మూడు డిగ్రీలు కొట్టింది."

బండి కదిలితే వీధి మీద తెరలు మా ముందు విచ్చుకుంటూ, వెనక ముడుచుకుంటూ వచ్చాయి. మా ఊళ్లో తెరలకంటే ఇవి చప్పుడు తక్కువ చేస్తాయి. నూనె సరిగ్గా పెడుతున్నారు.

"రెండో ఆయన ఎవరు?" అని అడిగాను.

"నిరంజన్ సార్ అట. పెద్ద సారు. గురువారం ఆయనకే సన్మానం."

నాకు ముందే తెలుసు. పట్టుబట్టి ఈ ఊరు వచ్చింది ఆయన కోసమే.

నమోదు 2. సోమవారం, సాయంత్రం

ఈ రోజు బస నుంచి సదస్సు మందిరానికి, మందిరం నుంచి బసకు తప్ప ఎక్కడికీ పోలేదు. నీడ ఎక్కడా ఆలస్యం కాలేదు. కాబట్టి ఈ పేజీలో నా చెల్లెలి సంగతి రాస్తాను.

దాని పేరు పైడమ్మ. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. పని నేర్పింది నేనే. పదకొండేళ్ల కిందట, వైశాఖంలో ఒక మధ్యాహ్నం తెల్లరేవు బజారు మీద తెరలన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి. ఆ పూట అదుపు గదిలో కుర్చీ పైడమ్మది. నాకు సెలవు. పక్క ఊళ్లో ఉన్నాను. బజారులో ముప్పై ఏడుగురు చనిపోయారు. ముప్పై ఏడో మనిషి పైడమ్మ. అదుపు గదికి వంద గజాల దూరంలో రోడ్డు మీద దొరికింది.

నీడ మండలి విచారణ వేసింది. విచారణ చేసినవాడు, నివేదిక మీద సంతకం పెట్టినవాడు డాక్టర్ గంధం నిరంజన్. యంత్రంలో ఏ లోపమూ లేదని, ఉద్యోగిని భయపడి కుర్చీ వదిలి పారిపోవడం వల్ల ప్రమాదం జరిగిందని రాశాడు. చనిపోయినవాళ్ల బంధువులు మా ఇంటి గోడ మీద పేడ కొట్టారు. మా అమ్మ ఆ గోడ కడుగుతూ కడుగుతూ రెండేళ్లకు పోయింది.

మండలి మనుషులు రాకముందే నేను అదుపు గదిలోకి వెళ్లి యంత్రం నుంచి నమోదు బిళ్ల పీకి తెచ్చుకున్నాను. ఆ రోజు ఎవరు ఏ ఆజ్ఞ పంపారో, ఏ నిమిషంలో పంపారో అందులో ఉంటుంది. కానీ చివరి ఆజ్ఞ పై అధికారి పంపితే బిళ్లకు తాళం పడుతుంది. ఆ అధికారి తన తాళం మాటను తన గొంతుతో పలికితేనే తెరుచుకుంటుంది. బిళ్ల మీద కనిపించేవి రెండే అక్షరాలు: గం. ని. గంధం నిరంజన్.

ఏడుసార్లు అర్జీ పెట్టాను. నోరు తెరవమని ఏ అధికారినీ బలవంతం చేయలేమని ఏడుసార్లూ జవాబు వచ్చింది.

ఎవరితోనూ అనని మాట ఒకటుంది, అదీ రాసేస్తాను. చల్లటి గది వదిలి పైడమ్మ ఎండలోకి ఎందుకు వెళ్లింది? అది పారిపోలేదని ఊరందరితో పోట్లాడాను. పక్క మీద వాలి కళ్లు మూసుకున్నాక మాత్రం నాకు నమ్మకం చాలేది కాదు.

నమోదు 3. మంగళవారం, మధ్యాహ్నం మూడు

పొద్దున నిరంజన్ ప్రసంగం. డెబ్బై ఏళ్లుంటాయి. తెల్లటి జుబ్బా, మెత్తటి గొంతు. కుర్రవాళ్లు నేల మీద కూడా కూర్చుని విన్నారు.

"యంత్రాన్ని నమ్మండి, మనిషిని గమనిస్తూ ఉండండి," అన్నాడు. "తెల్లరేవులో ఒక పిల్ల కుర్చీ వదిలి పరిగెత్తింది. అంతే. మిగతాదంతా మీకు తెలుసు."

ఒక పిల్ల అన్నాడు. పేరు చెప్పలేదు. అందరూ తలలూపారు.

భోజనాల దగ్గర కావాలనే ఆయన ఎదురుగా కూర్చున్నాను. పట్టీ మీద నా ఊరి పేరు చూశాడు.

"తెల్లరేవు నుంచి వచ్చారా? ఇప్పుడు ఎలా ఉందండీ బజారు?"

"బాగానే ఉందండి. జనం తక్కువ."

"చాలా కష్టపడి నిలబెట్టాం ఆ ఊరిని. పప్పు ఇటు జరుపుతారా?"

గిన్నె జరిపాను. ఆయన చేతికి అందేలా దగ్గరగా పెట్టాను. పప్పు ఒక్క చుక్క కూడా ఒలకలేదు. అది చూసుకున్నాక ధైర్యం వచ్చింది.

నమోదు 4. బుధవారం, ఉదయం పదకొండు

పాత కట్టడాల దగ్గర స్తంభాలు పాతకూడదని ఇక్కడ చట్టం. అందుకని వేయి స్తంభాల గుడి దగ్గరా కోటలోనూ ఎగిరే తెరలు పెట్టారు. పట్టీ ఉన్న మనిషి ఎటు నడిస్తే అటు, తల మీద ముప్పై అడుగుల ఎత్తులో తెర తేలుతూ వస్తుంది. శక్తి మాత్రం నగరం నుంచే అందుతుంది. నగరంలో ఎక్కడైనా అతిథి మండపానికి ఎక్కువ శక్తి కావాలని పై వరుస నుంచి, అంటే పెద్ద అధికారుల నుంచి, కోరిక వస్తే, ముందుగా మడుచుకునేవి ఈ ఎగిరే తెరలే. కింద మనిషి ఉన్నాడా లేదా అని యంత్రం చూడదు.

తెల్లరేవులో జరిగింది ఇదేనని నేను పదకొండేళ్లుగా అనుకుంటున్నాను. తప్పు పైడమ్మదని రాసేశారు కాబట్టి యంత్రాన్ని ఎవరూ సరిచేయలేదు. సరిచేసి ఉంటే నేను తలపెట్టిన పని జరిగేది కాదు.

సదస్సు మందిరంలో తెరలను నడిపే మేజాబల్ల దగ్గర మేస్త్రీలకు వంతులు వేశారు. నా వంతులో పై వరుస మీట నా పట్టీకి కలుపుకున్నాను. ఇవాళ వేయి స్తంభాల గుడి ఆవరణలో, పక్కనున్న ఖాళీ తెర మీద పరీక్షించాను. పట్టీ నొక్కాను. ఆ ఒక్క తెర శక్తి అతిథి మండపానికి కావాలని కోరిక వెళ్లింది. నాలుగు సెకన్లలో తెర ఆకులా ముడుచుకుపోయింది. నల్లటి రాళ్ల మీద ఎండ దబ్బున పడింది. కోరిక రద్దు చేస్తే తెర మళ్లీ విచ్చుకుంది.

వెనక్కి తిరిగితే కొమురమ్మ నీళ్ల సీసా పట్టుకుని నిలబడి ఉంది.

"గా తెర మీరే మడిచిండ్రా అక్కా?"

నేను పట్టీ మీదికి కొంగు లాక్కున్నాను.

"మా నాయిన తెరలు రాకముందు కూలికి పోయి రోడ్డు మీదనే పడిపోయిండు," అంది. "నేను పోయేసరికి ఒంటి మీద చెయ్యి పెట్టనీయలే. అంత కాలుతాంది. ఎండతోని ఆటలాడకుండ్రి."

"ఇది ఆట కాదు కొమురమ్మా. నీకు చెప్పీమంటే చెప్పీస్తాను."

"వద్దు. చెప్తే రేపు నన్ను అడిగినోళ్లకు అబద్ధం చెప్పాలె. నాకు అబద్ధం చెప్పరాదు."

నమోదు 5. బుధవారం, సాయంత్రం ఐదున్నర

భద్రకాళి చెరువు గట్టు మీద నడిచాను. నీళ్ల మీద కూడా తెర కట్టారు, ఆవిరి కాకుండా. నీడ ఆలస్యం లేదు.

రేపటి తిరుగుడు పట్టిక కొమురమ్మ బండిలో తగిలించి ఉంది. గురువారం పదకొండు గంటలకు కోట, నిరంజన్ సార్ ఒక్కరే. నాలుగింటికి సన్మానం. నా పేరు ఆ గంటకే రాయమన్నాను. ఒక బండిలో ఇద్దరికి చోటుంది, కాదనడానికి కారణం లేదు. కొమురమ్మ నా చేతి పట్టీ వంక చూసింది. తర్వాత రాసింది.

బిళ్లను సదస్సు ప్రసార వరుసకు కలిపి పెట్టాను. అది తెరుచుకున్న మరుక్షణం లోపలిదంతా ఆరువందల పట్టీల మీదికీ వెళుతుంది. తెరుచుకోకపోతే ఏమవుతుందో కూడా ఆలోచించాను. మేస్త్రీలం పనిలో వేసుకునే ఎండ కోటు రేపు వేసుకోను. ఆయన తల మీద ఎంత ఎండ పడితే నా తల మీదా అంతే పడాలి. చచ్చిపోతే ఇద్దరం చచ్చిపోతాం. ఆ మాట రాస్తుంటే నాకు హాయిగా ఉంది.

నమోదు 6. శుక్రవారం, ఆసుపత్రి

వేళ్లకు కట్లు ఉన్నాయి. మెల్లగా రాస్తున్నాను. కొమురమ్మ బండిలో పడి ఉన్న ఈ పుస్తకాన్ని పొద్దున తెచ్చిచ్చింది.

నిన్న కోట ద్వారం దగ్గర కొమురమ్మ బండి ఆపింది. లోపలికి నడిచే పోవాలి. నిరంజన్ ముందు, నేను వెనక. రెండు తెరలు మా మీద తేలుతూ వచ్చాయి. నాలుగు తోరణాల మధ్య మైదానం అంతా విరిగిన శిల్పాలే. ఆయన ఒక్కొక్కటీ వంగి చూస్తూ, నాకు కాకతీయుల సంగతులు చెబుతూ నడిచాడు. మంచి మాటకారి. మైదానం నడుమకు, ఒంటరిగా నిలబడి ఉన్న ఒక నల్ల స్తంభం దగ్గరకు వచ్చాక, పదకొండూ ముప్పై ఒకటికి నేను పట్టీ నొక్కాను.

రెండు తెరలూ ముడుచుకున్నాయి.

ముందు ఆయనకు అర్థం కాలేదు. చేయి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. తర్వాత పట్టీ చూసుకున్నాడు. పట్టీ మీద అక్షరాలు వచ్చాయి: అతిథి మండపానికి శక్తి మళ్లించాం, కాసేపు ఆగండి.

"ఏదో పొరపాటు," అన్నాడు. "ద్వారం దగ్గరకు వెళదాం పదండి."

"రెండు ఫర్లాంగులుందండి. మీ వయసుకి సగం దూరం కూడా పోలేరు."

అప్పుడు నా ముఖం సరిగ్గా చూశాడు.

"నా పేరు అరుంధతి. పైడమ్మ అక్కని."

"ఏ పైడమ్మ?"

అప్పటిదాకా నాలో ఎక్కడో కొంచెం మెత్తదనం ఉండి ఉంటే అది అక్కడితో పోయింది.

"మీరు ఒక పిల్ల అన్నారు కదా. ఆ పిల్ల."

బిళ్ల తీసి అరచేతిలో పెట్టి ఆయన ముందు పట్టాను. "మీ తాళం మాట చెప్పండి. చెప్పీసిన వెంటనే నీడ వస్తాది."

ఆయన స్తంభం పక్కకు జరిగాడు. దాని నీడ అప్పటికి జానెడు. కాళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి అందులో దాచుకున్నాడు. తల, భుజాలు ఎండలోనే ఉన్నాయి.

"ఇది హత్య అండీ. మీరు నన్ను చంపుతున్నారు."

"నాను ఏటీ చెయ్యలేదండి. ఒక కోరిక పంపినాను. మిగతాది యంత్రం చేసింది. యంత్రాన్ని నమ్మమన్నారు కదా."

ఆ తర్వాత ఆయన చాలా మాట్లాడాడు. ఆ రోజు తన మీద ఒత్తిడి ఉందన్నాడు. అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం అన్నాడు. నాకు మండలిలో పెద్ద ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. పైడమ్మ పేరున బడి కట్టిస్తానన్నాడు. నేను బిళ్ల పట్టుకునే ఉన్నాను. నా మాడు మీద నిప్పులు పోసినట్టుంది. కంటి ముందు మైదానం తెల్లబడుతూ వచ్చింది.

ఒకసారి తోరణం వైపు పరిగెత్తాడు. ముప్పై అడుగులు వేసి ఉంటాడు. చెప్పుల అడుగు మెత్తబడి జారింది. చేతులు ఆన్చి పడ్డాడు. అరచేతులు రాతికి అంటుకుని అరిచాడు. మోకాళ్ల మీద పాకుతూ మళ్లీ స్తంభం దగ్గరకే వచ్చాడు. నేను చేయి అందించలేదు. పాకుతున్నవాణ్ణి చూశాను. బజారులో ముప్పై ఏడుగురు ఇలాగే పాకి ఉంటారనుకుంటూ, కళ్లు తిప్పకుండా చూశాను.

స్తంభం నీడ బెత్తెడుకు వచ్చింది. అందులో పాదం కూడా పట్టదు.

"చెబుతాను," అన్నాడు. నాలుక మడతపడుతోంది. బిళ్లకు నోరు దగ్గరగా పెట్టి, ఏడుస్తూ, "చిట్టిగువ్వ," అన్నాడు. తర్వాత, "మా అమ్మాయిని చిన్నప్పుడు అలా పిలిచేవాణ్ణి," అని కూడా అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. వేయలేదు. బిళ్ల మీద పచ్చ దీపం వెలిగింది. నేను కోరిక రద్దు చేశాను. పదకొండూ యాభైకి తెరలు విచ్చుకున్నాయి. నీడ మీద పడ్డాక ఇంకా కాలుతున్న ఆ రాతి మీదే వేళ్లు ఊని కూలబడ్డాను.

తెర ముడుచుకోవడం ద్వారం దగ్గర నుంచి కొమురమ్మ చూసిందట. నడిచే రావాలన్న నియమం పక్కన పెట్టి, కావలివాళ్లతో పోట్లాడి గొలుసు తీయించి బండిని శిల్పాల మధ్య నుంచి నడుపుకుంటూ వచ్చింది. ముందు ఆయన మీద నీళ్లు పోసింది. తర్వాత నా మీద.

"ముందు ఆయనకెందుకు పోసినావు?" అన్నాను.

"ఆయన ముసలోడు," అంది. "నోరు మూసుకొని పండుకో."

నమోదు 7. శనివారం, ఆసుపత్రి

బిళ్లలో ఉన్నది ఇది. ఆరువందల మందీ నాకంటే ముందే చదివారు. నేను ఇవాళ చదివాను.

పన్నెండూ రెండుకి నిరంజన్ ఆజ్ఞ: బజారు తెరలు మడిచి, ఆ శక్తి రేవు దగ్గరి అతిథి మండపానికి ఇవ్వాలి. ఆ రోజు మండపంలో మండలి పెద్దల విందు. లోపల ఉక్కగా ఉందని వాళ్లు అడిగారట.

పన్నెండూ నాలుగుకి పైడమ్మ: బజారులో జనం ఉన్నారు, ఆజ్ఞ వెనక్కి తీసుకోండి. జవాబు: కాసేపు ఆగండి.

పన్నెండూ తొమ్మిదికి పైడమ్మ: జనం పడిపోతున్నారు. జవాబు లేదు.

పన్నెండూ పదకొండుకి అదుపు గది తలుపు తెరుచుకుంది.

పన్నెండూ పన్నెండు నుంచి వీధిలో చేతి చక్రం తిరిగింది. శక్తి లేనప్పుడు తెరను లాగడానికి స్తంభానికి ఒక ఇనుప చక్రం ఉంటుంది. ఇద్దరు మగవాళ్లు తిప్పవలసింది. మొదటి తెర విచ్చుకోవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. రెండో తెరకు పది. మూడో తెర ముప్పావు దాకా వచ్చింది. పన్నెండూ ముప్పై ఎనిమిదికి చక్రం ఆగిపోయింది.

ఆ మూడు తెరల కింద స్పృహ తప్పి పడి ఉన్నవాళ్లలో ఒక్కరూ చనిపోలేదు. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఆ తెరలు వాటంతటవే మళ్లీ విచ్చుకున్నాయని అనుకున్నాం. దాని అక్కనై ఉండి, దానికి ఆ చక్రం తిప్పడం నేర్పిన దాన్నై ఉండి, నేనూ అలాగే అనుకున్నాను. అది ఎండలోకి ఎందుకు వెళ్లిందో నాకు తట్టనేలేదు.

పొద్దుటి నుంచి ఏడుస్తున్నాను. నర్సు వచ్చి కాలిన చోట మంటగా ఉందా అని అడిగింది. అవునన్నాను.

నిరంజన్ కింది అంతస్తులో ఉన్నాడు. బతుకుతాడట. సన్మానం రద్దయింది. నివేదిక వెనక్కి తీసుకుంటున్నామని మండలి ప్రకటించింది. తెల్లరేవులో ఎవరో మా ఇంటి గోడకు సున్నం వేశారని కబురు వచ్చింది. నేను వేయమనలేదు. వద్దనీ అనలేదు.

నమోదు 8. జ్యేష్ఠ మాసం, నీడ న్యాయస్థానం

మనిషి తల మీద తెర మడవడం ఇక్కడ పెద్ద నేరం. నేను వాదించుకోలేదు. కొమురమ్మ సాక్షిగా వచ్చి, వేయి స్తంభాల గుడి దగ్గర చూసిందీ, కోటలో చూసిందీ, రెండూ చూసినట్టే చెప్పింది. బోను దిగి పోతూ నా ముందు ఆగింది.

"కోపమొచ్చిందా అక్కా?"

"లేదు. నీకు అబద్ధం చెప్పడం రాదన్నావు కదా."

న్యాయమూర్తి నా వయసు ఆవిడే. ఈ పుస్తకం ఆమె బల్ల మీదనే ఉంది, మొదటి నుంచీ చదివింది. ఈ చివరి పేజీ రాసుకోవడానికి కాసేపు ఇప్పించమంటే ఇచ్చింది.

తీర్పుకు ముందు నన్ను నిలబెట్టి అడిగింది. "చేసిన పనికి పశ్చాత్తాపం ఉంటే శిక్ష తగ్గించే వీలుంది. ఉందా మీకు?"

"ఉందమ్మా," అన్నాను.

హాలులో వాళ్లు కదిలారు. నిరంజన్ కూతురు మొదటి వరుసలో కూర్చుని ఉంది. తల ఎత్తి చూసింది.

"ఆయన్ని పంతొమ్మిది నిమిషాలు నిలబెట్టినాను. మా పైడి ఆ చక్రం దగ్గర ఇరవై ఆరు నిమిషాలు నిలబడింది. ఆ ఏడు నిమిషాలూ తగ్గినందుకు పశ్చాత్తాపమేనమ్మా."

న్యాయమూర్తి ఈ పుస్తకం మూసి కలం అందుకుంది. తర్వాత రాసింది. ఆరేళ్లు అంది.